ఒప్పుకోలు పాఠం

...అయినా కృతజ్ఞత చెప్పుకోవాల్సింది ఎవరికి? టీచరమ్మకా, బస్సు డ్రైవరుకా, లేక డ్రైవరు ముక్కుకా? నిజానికి ఆ ముక్కు దగ్గరే కదా ఇదంతా మొదలైంది. అది మామూలు ముక్కయి ఉంటే ఇవాళ సాయంత్రం తను మామూలుగా మెట్లు దిగి, మామూలుగా బజారు వీధి దాటి, ఇంటికెళ్లి, చెప్పులు విప్పుతూనే "ఏం కాదులే" అని ఉండేవాడు. ఇల్లు ఇంకా రెండు వీధుల అవతల ఉంది. కాళ్లు అటు నడుస్తున్నాయి గానీ మనసు మాత్రం గ్రంథాలయం పైఅంతస్తులోని ఆ తరగతి గదిలోనే, కదిలితే కిర్రుమనే కుర్చీలో కూర్చుని ఉంది. లే, పోదాం పద అంటే లేవడం లేదు.

అతను కళ్లజోళ్ల అద్దాలు తయారుచేసే కర్మాగారంలో తనిఖీ పని చేస్తాడు. నల్లగుడ్డ పరిచిన బల్ల, మెడ వంచిన దీపం, ఎడంవైపు ఒక ట్రే, కుడివైపు ఒక ట్రే. అద్దాన్ని వేళ్ల కొసలతో అంచుల దగ్గర పట్టుకుని దీపం ముందు తిప్పుతాడు. గీత ఉందా, లోపల బుడగ ఉందా, పైపూత ఎక్కడైనా లేచిందా. ఉంటే ఎడమ ట్రేలోకి, లేకపోతే కుడి ట్రేలోకి. బాగున్న అద్దంలో చూడటానికి ఏమీ ఉండదు. దానిలోంచి అవతలి దీపం కనిపిస్తుంది తప్ప అది కనిపించదు. కనిపించేదల్లా లోపమే. అలా కనిపించని వాటిని చూడకుండానే కుడివైపు పెడుతూ, కనిపించిన వాటి మీదే చూపు నిలుపుతూ ఇంత వయసు వచ్చింది. కళ్లు పనిలో నేర్చుకున్నది నోరు ఇంట్లో నేర్చుకుంది. "బావా, ఇవాళ ఎండ మండిపోతోంది కదూ" అని మరదలు అంటే, "కాదు, నిన్నే ఎక్కువ" అంటాడు. నిజంగానే నిన్న ఎక్కువ. అతనేం చేస్తాడు? మరదలు మాత్రం అతనికి 'కాదుబావ' అని పేరు పెట్టేసింది. ఇప్పుడు ఆమె పిల్లలు కూడా ఫోన్లో "కాదు పెదనాన్న ఉన్నాడా" అని అడుగుతున్నారు. లేడు అని చెప్పాలనిపిస్తుంది గానీ, అలా చెబితే ఉన్నట్టే కదా.

రేపు పొద్దున భార్య ఆసుపత్రిలో చేరాలి. గొంతులో గడ్డ. ప్రాణానికి భయం లేదని, తీసేస్తే సరిపోతుందని డాక్టరు చెప్పాడు. చెప్పి, కలం మూత పెట్టి, మళ్లీ తీసి, "మాట పలికించే నరం దాని పక్కనుంచే వెళ్తుంది. జాగ్రత్తగానే చేస్తాం. గొంతు కొన్నాళ్లు బొంగురుపోతుంది. చాలా కొద్దిమందికి అలాగే ఉండిపోతుంది కూడా" అన్నాడు.

ఆమె పనిచేసేది ట్యాక్సీ ఆఫీసులో, ఫోన్ల దగ్గర. చెవికి తగిలించుకున్న ఫోనుతో కిటికీ పక్కన కూర్చుని ఊరంతా తిరుగుతుంది. "తమ్ముడూ, స్టేషను వైపు వెళ్లకు, రోడ్డు తవ్వేశారు" అని ఒకరికి చెబుతుంది. "వచ్చేస్తున్నాడమ్మా, పాపని తీసుకుని మెట్లు దిగండి, కంగారు పడకండి" అని ఇంకొకరికి చెబుతుంది. ఆమె ముఖం తెలియని వాళ్లు ఊళ్లో ఎంతోమంది ఉన్నారు గానీ, గొంతు తెలియని వాళ్లు తక్కువ.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె మెల్లగా అంది.

"నాకు భయంగా ఉందండీ."

"భయమెందుకు? ఏం కాదు."

"గొంతు పోతే?"

"పోదు. చాలా కొద్దిమందికే అన్నాడుగా."

"ఆ కొద్దిమందిలో నేనుంటే?"

"ఉండవు."

ఆమె నవ్వింది. "బాగుందండీ. నా మాటలు కూడా దీపం ముందు పెట్టి చూసి, ఒక్కొక్కటే ఎడమ ట్రేలో వేసేస్తున్నారు" అంది. అతనూ నవ్వాడు. అది సరదాకి అన్న మాట అనుకున్నాడు.

ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. మాట్లాడటం మానలేదు. నీళ్లు వస్తున్నాయి, గడియ వేశారా, మీ చొక్కా బొత్తాం ఊడింది, ఇలాంటివన్నీ అంటూనే ఉంది. అసలు మాట మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ చెల్లెలితో ఫోన్లో లోగొంతుకతో చాలాసేపు మాట్లాడుతుంది. ఒక్కోసారి నవ్వు వినిపిస్తుంది, ఒక్కోసారి ముక్కు చీదిన చప్పుడు. అతని అడుగుల చప్పుడు వినగానే "సరే, ఉంటానే, మీ బావ వచ్చారు" అని పెట్టేస్తుంది. నిన్న అతను చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగలా, తన ఇంట్లో తనే గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు. మాటలు అందలేదు. గొంతు మాత్రం అందింది. ఆపరేషన్ తర్వాత ఇది ఇలాగే ఉంటుందో ఉండదో తెలియని గొంతు. మిగిలిన ఈ కాస్త రోజుల్లో అదంతా ఇంకెవరి చెవిలోకో పోతోంది. అసూయా? కాదు. (చూడు, మళ్లీ కాదు.) పందిట్లో అందరికీ వడ్డిస్తూ వచ్చి తన విస్తరిని దాటి వెళ్లిపోయినట్టు ఉంది. అడగడానికి సిగ్గు, లేచిపోవడానికి మనసు రాదు.

కర్మాగారంలో కొత్త యంత్రాలు వచ్చాయి. వాటి తెరల మీద అంతా ఇంగ్లిషే. అందుకని యజమానులే రుసుము కట్టి తనిఖీ వాళ్లని ఈ సాయంకాలం తరగతికి పంపుతున్నారు. ఇవాళ మానేద్దామనుకున్నాడు. భార్యే "వెళ్లి రండి, ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తారు" అంది. ఆ మాట ఎంత గుచ్చుకోవాలో అంతా గుచ్చుకుంది.

ఇవాళ్టి పాఠం ఒప్పుకోవడం. అవతలివాళ్లు ఒక మాట అంటే ఇంగ్లిషులో దానికి ఔనని ఎలా చెప్పాలి, అన్నది. టీచరమ్మ బోర్డు మీద రాసి వివరించింది. ఆ మాటలో ఉందని ఉంటే 'సో' పెట్టాలి, లేదని ఉంటే 'నీదర్' పెట్టాలి. వాళ్ల మాటలో ఉన్న చిన్న క్రియనే తిప్పి వాళ్లకి అప్పజెప్పాలి. వెనక బల్ల నుంచి బస్సు డ్రైవరు, "ఇంత తతంగం దేనికి టీచర్ గారూ, మేమైతే బుర్ర ఊపేస్తాం, అయిపోతుంది" అన్నాడు.

"బుర్ర ఊపితే మార్కులు ఉండవండీ" అని ఆమె అందరినీ జతలు చేసింది. డ్రైవరు వచ్చి ఇతని పక్కన కూలబడ్డాడు. మనిషి భారీ మనిషి. ముక్కు ఇంకా భారీ. ఎప్పుడో దెబ్బ తగిలి మధ్యలో ఒక మలుపు కూడా తిరిగింది.

"ఒకరు తన గురించి ఒక మాట చెప్పాలి. రెండోవాళ్లు ఒప్పుకోవాలి" అని టీచరమ్మ నియమం చెప్పింది. "వాదించకూడదు. సలహా ఇవ్వకూడదు. ఇస్తే లేచి నిలబడాలి."

"ఆ మాట నిజం కాకపోతేనో?" అని ఇతను అడిగాడు.

"ఈ గంటసేపు నిజమే అనుకోండి."

అనుకోవడం ఎలాగో అతనికి తెలియదు. డ్రైవరు "ఐ యామ్ టైర్డ్" అన్నాడు. అలిసిపోయాను అంటే, నేనూ అనాలి. అంతే. ఇతను "నో, నో, యూ లుక్ ఫ్రెష్" అన్నాడు. లేచి నిలబడాల్సి వచ్చింది. డ్రైవరు "ఐ కాంట్ స్లీప్" అన్నాడు. "డ్రింక్ లెస్ కాఫీ" అన్నాడు ఇతను, నిలబడే. తరగతి అంతా గొల్లుమంది.

"బాబాయ్, మీరింక కూర్చోకండి. బస్సులో సీటు దొరకలేదనుకోండి" అన్నాడు డ్రైవరు.

తర్వాత డ్రైవరు తన ముక్కు కొస పట్టుకుని, "ఐ డోంట్ లైక్ మై నోస్" అన్నాడు. ఇతనికి నిజంగా చెమట పట్టింది. నా ముక్కు నాకు నచ్చదు అని ఒక మనిషి ఎదురుగా కూర్చుని అంటుంటే ఔనని ఎలా అంటారు? పళ్లు కరుచుకుని "యువర్ నోస్ ఈజ్ గుడ్" అన్నాడు. అబద్ధం. దీపం ముందు పెడితే ఆ ముక్కు నేరుగా ఎడమ ట్రేలోకే.

"ఏం చెయ్యనండీ, ఒప్పుకుంటే ఆయన ముక్కు బాగాలేదన్నట్టు అవుతుంది కదా" అని టీచరమ్మతో మొరపెట్టుకున్నాడు.

ఆమెకి నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, "ఆయన ముక్కు మీద మీ తీర్పు ఎవరూ అడగలేదండీ. మీ ముక్కు సంగతి చెప్పమంటున్నాను" అంది.

అప్పుడు అతని చెయ్యి తనకు తెలియకుండానే తన ముక్కు మీదికి వెళ్లింది. కళ్లజోడు నొక్కి నొక్కి రెండు పక్కలా పడిన గుంటలు తగిలాయి. వాటిని చూసుకుని ఎన్నాళ్లయింది? "నీదర్ డూ ఐ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. కూర్చోనిచ్చారు.

అయితే అసలు సంగతి ముక్కు తర్వాత జరిగింది. డ్రైవరు నవ్వుతూ నవ్వుతూనే, గొంతు తగ్గించి, "ఐ యామ్ అఫ్రైడ్" అన్నాడు. భయం దేనికని టీచరమ్మ అడిగింది. "రివర్సు టీచర్ గారూ. వెనక్కి తీసేటప్పుడు. అద్దంలో ఎవరూ కనబడరు. అయినా ఎవరో ఉన్నారనిపిస్తుంది" అని, ఇంగ్లిషు మరచిపోయి, మామూలు భాషలో చెప్పేశాడు. గదిలో ఎవరూ నవ్వలేదు.

ఇతని నాలుక చివర మూడు సలహాలు వరస కట్టాయి. కండక్టర్ని దింపి చూడమను, అద్దం మార్పించు, ఇంత అనుభవం ఉంది, నీకు భయమేమిటి? మూడూ మంచి సలహాలే. అయితే, నీ సంగతి చెప్పు అన్నారు కదా. అతను తన లోపలికి చూశాడు. ఎప్పుడూ బయటికే చూసిన కళ్లు అవి, కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత కనిపించింది. ఆ రోజు డాక్టరు కలం మూత పెట్టి మళ్లీ తీసినప్పటి నుంచీ అది అక్కడే కూర్చుని ఉంది. భార్యతో "ఏం కాదు" అన్న ప్రతిసారీ తను దాని మీద ఒక దుప్పటి కప్పుతున్నాడు.

"సో యామ్ ఐ" అన్నాడు.

ఎంత సులువుగా వచ్చింది! సొంత భాషలో అయితే ఆ మాట గొంతు దాటేది కాదు. పరాయి భాషలో దానికి బరువు లేదు. ఎవరి చొక్కానో వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు, తనే గానీ తను కాదు. డ్రైవరు అతని వైపు చూశాడు. అంత పెద్ద భుజాలూ అంగుళం కిందికి దిగాయి.

తరగతి అయ్యాక మెట్ల మీద డ్రైవరు అతన్ని ఆపాడు.

"బాబాయ్, మీకు బస్సెక్కడిది, రివర్సంటే భయపడటానికి?"

"బస్సు కాదులే. వేరే."

"ఏదో ఒకటి. మా డిపోలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు తెలుసా. చెబితే ఏమంటారు? నీకేంట్రా, సింహంలా నడుపుతావు అంటారు. అది విన్నాక ఇంకా దడ. సింహం రివర్సు ఎప్పుడైనా తీసిందా చెప్పండి?" అని తనే పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీరు ఒక్క ముక్క అన్నారు, అంతే. ఎందుకో గుండె తేలికపడింది. థాంక్స్ బాబాయ్" అని, చెయ్యి పట్టుకుని ఊపేసి వెళ్లిపోయాడు.

అదిగో, ఆ చేతి వేడి ఇంకా అరచేతిలో ఉంది. భార్యతో అన్ని సార్లు "ఏం కాదు" అంటే, ఒక్కసారీ ఆమె ముఖం తేటపడలేదు. అది ఓదార్పేనని అతని నమ్మకం. ఆమె భయాన్ని తీసేస్తున్నానని అనుకున్నాడు. తీసింది భయాన్ని కాదు. ఆమె పక్కన తను కూర్చోవాల్సిన చోటుని తీసేశాడు. ఆ చోట్లో మరదలు కూర్చుంది, ఫోనులో ఉండి కూడా. పాపం మరదలు. ఆమెకి కూడా థాంక్స్ చెప్పాలి. ఇన్నాళ్లూ తన కుర్చీని చల్లబడకుండా కాచింది.

ఇస్త్రీ దుకాణంలో బొగ్గుల మీద నీళ్లు చల్లిన సుయ్ మన్న చప్పుడు. కూరగాయల బండి మీద తడిగోనె కప్పుతున్నారు. వీధి దీపాలు ఇప్పుడే వెలుగుతున్నాయి. ఒకటి వెలగాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఇవాళ అన్నిటి మీదా అతనికి అకారణంగా దయ పుడుతోంది. ఏం చెయ్యాలో తెలిసిపోయింది. ఇంటికి వెళ్లడం, ఆమె భయంగా ఉందనడం, నాకూ అని తను అనడం. పాఠం నోటికి వచ్చినవాడిలా చకచకా నడిచాడు.

తలుపు తీసేసరికి మంచం మీద సంచి నోరు తెరుచుకుని ఉంది. భార్య తువ్వాళ్లు మడత పెడుతోంది. ఫోను దిండు మీద పడుకుని మరదలి గొంతుతో మాట్లాడుతోంది.

"తలుపు చప్పుడైంది. కాదుబావ వచ్చాడా?"

"వినిపిస్తోంది" అన్నాడతను.

"వినిపించాలనే అన్నాను. బావా, రేపు అక్కని జాగ్రత్తగా తీసుకెళ్లు. నర్సులతో వాదన పెట్టుకోకు."

"పెట్టుకోను."

"అరె! ఇదేమిటక్కా, ఒప్పుకున్నాడు! ఒంట్లో బాగానే ఉందా ఆయనకి?"

భార్య నవ్వి, "సరే ఉంటానే" అని ఫోను పెట్టేసింది. ఫోనుతో పాటు నవ్వు కూడా ఆగిపోయింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎదురుచూశాడు.

"సర్దడం అయిందా?"

"అయింది."

"ఇంకా ఏమైనా ఉందా?"

"ఏం లేదు. పొద్దున్నే మా ఆఫీసు ట్యాక్సీ వస్తుంది. డబ్బులు ఇవ్వబోతే ఊరుకోరట, మీరు బలవంతం చెయ్యకండి."

"అది సరే. ఏదైనా చెప్పు."

"ఏం చెప్పను?" అని ఆమె కొంచెం వింతగా చూసింది.

అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దానికి తగిలించడానికి మాటే లేదు. గాలం వేసి చూశాడు. "రాత్రి నిద్ర పడుతుందంటావా?"

"పడుతుంది" అంది ఆమె, తువ్వాలు అంచులు సరిచేస్తూ. "మీరే అన్నారుగా."

వెటకారం లేదు. తను ఇచ్చిన వస్తువునే భద్రంగా తుడిచి తిరిగి ఇచ్చినట్టు అంది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. తరగతిలో ఔననడం అంత సులువెందుకైంది? ఎవరో ముందుగా నోరు విప్పారు కాబట్టి. ముందు నోరు విప్పినవాడే కుక్కపిల్లలా వెల్లకిలా పడుకుని పొట్ట చూపించినవాడు. రెండోవాడికి ఏం పోయింది? ఇంట్లో ఇన్నేళ్లూ ముందుగా అన్నది ఈమే. ప్రతిసారీ ఆమే. తలనొప్పి అనీ, దిగులుగా ఉందనీ, వాన బాగుందనీ. తను రెండోవాడిగా కూర్చుని తూచాడు. ఆమె మానేస్తే ఇప్పుడిక ముందుగా అనేవాడు ఎవడు?

నోరు తెరిచాడు. ఆ మాట ఇంగ్లిషులో గాలిలా పోయింది. ఇక్కడ రాయిలా కదలనంది. మంచం కోడు పట్టుకున్నాడు.

"నాకు భయంగా ఉంది."

ఆమె చేతిలో తువ్వాలు ఆగింది. "భయమెందుకండీ, ఏం కా..." అని, సగంలో నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆమెకే నవ్వొచ్చింది. "మీ జబ్బు నాకు అంటుకుంది చూశారా" అంది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"నిన్ను లోపలికి తీసుకెళ్లాక నేను బయట బెంచీ మీద కూర్చోవాలి కదా" అన్నాడు. "అక్కడ ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు."

"ఏం చేస్తారు, బెంచీ మీద గీతలున్నాయేమో చూస్తారు."

"చూస్తానేమో."

"చూడండి. నేను బయటికొచ్చాక ఎన్ని ఉన్నాయో అడుగుతాను. ఎలాంటి గొంతుతో అడుగుతానో మరి." మంచం అంచున కూర్చుంది. సంచిని పక్కకి జరిపింది. పక్కన చోటు ఏర్పడింది. అతను కుర్చీ వదిలి అక్కడ కూర్చున్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో గుసగుసగా మాట్లాడి చూసుకుంటోందట, రేపు అంతే మిగిలితే ఎలా ఉంటుందోనని. "స్టేషను వైపు వెళ్లకు తమ్ముడూ" అని గుసగుసగా అంటే ఏదో రహస్యం చెప్పినట్టుందట, తనకే నవ్వొచ్చిందట. ఒక పెద్దావిడ ట్యాక్సీకి ఫోను చేసినప్పుడల్లా ముందు "నువ్వేనా అమ్మా" అంటుందట. తర్వాతే ఎక్కడికి వెళ్లాలో చెబుతుందట. ఆవిడకి ఏమని చెప్పి వెళ్లాలో తెలియక, నిన్న ఆఫీసులో ఏమీ చెప్పకుండా వచ్చేసిందట.

కొళాయి చప్పుడు అతనూ రోజూ విన్నాడు. నీళ్లు వృథా అవుతున్నాయనుకున్నాడు. "అలా అవదులే" అన్న మాట రెండు సార్లు నోటిదాకా వచ్చింది. రెండు సార్లూ మింగాడు. మింగిన కొద్దీ వినిపించడం ఎక్కువైంది. మాటలే కాదు, ఆ గొంతు. వాక్యం చివర కొద్దిగా పైకి లేచి ఆగుతుంది. నవ్వు వచ్చే ముందు పల్చబడుతుంది. ఇన్నేళ్లూ దానిలోంచి ఇల్లు చూశాడు, ఊరు చూశాడు, రేపు ఏం కొనాలో చూశాడు. దాన్ని ఇప్పుడే వింటున్నాడు. ఇంతకాలం ఇంత పెద్ద సొత్తు తన ఇంట్లో మోగుతోంది. ఎవరూ అడగలేదు, ఎవరూ లాక్కోలేదు, పైగా పిలిస్తే పలికేది. ఛాతీ బరువెక్కింది. దుఃఖం అనుకున్నాడు మొదట. కాదు, బాకీ పడటమూ కాదు. ఎవరో రెండు చేతులా నింపితే, కృతజ్ఞతగా దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేనట్టుంది.

"ఒకటి చెబుతాను, నవ్వకూడదు" అంది ఆమె.

"నవ్వను."

"చెల్లికి కూడా చెప్పలేదు." ఆమె దిండు గలీబు కొసని వేలికి చుట్టుకుంది. "అద్దంలో ముఖం చూసుకుని నేనెప్పుడూ మురిసిపోలేదు గానీ... నా గొంతంటే నాకు ఇష్టమండీ. చాలా ఇష్టం."

అతను ఊపిరి తీసుకున్నాడు.

"నాకూ" అన్నాడు.